సేల్స్ కోర్సు ఎంచుకుంటున్నారా? కమీషన్ ఎప్పుడు, ఎలా వస్తుందో ముందు చూడండి

ఇంటర్ అయిపోయినవాళ్ళు, డిగ్రీ మధ్యలో ఆపేసినవాళ్ళు, ఊళ్ళో పురుగుమందుల కొట్టు పెడదామనుకునేవాళ్ళు సేల్స్ కోర్సు గురించి నా దగ్గరికి వచ్చినప్పుడు అడిగేవి మూడే: ఫీజు ఎంత, ఎన్ని నెలలు, ఉద్యోగం వస్తుందా. అడగాల్సినవే. నేను మాత్రం వాళ్ళని తిరిగి ఒకటి అడుగుతాను. ఆ ఉద్యోగంలో కస్టమర్‌కి అక్కర్లేనిది అంటగడితే నీకు లాభమా, నష్టమా? చాలామంది దగ్గర జవాబు ఉండదు. ఏ బ్రోచర్‌లోనూ అది రాయరు మరి.

కోర్సు ఎంచుకునేటప్పుడు అన్నిటికన్నా ముందు చూడాల్సింది అదేనని నా గట్టి నమ్మకం. కస్టమర్‌తో నిజాయితీగా ఉండాలని ప్రతి పుస్తకమూ చెబుతుంది. కౌంటర్ దగ్గర నిలబడ్డాక మనిషిని నడిపించేది నెలాఖరు టార్గెట్. అమ్మిన రోజే డబ్బంతా చేతికొచ్చే చోట మంచివాడు కూడా మెల్లగా జారతాడు. కస్టమర్ ఉన్నన్నాళ్ళూ కొద్దికొద్దిగా వచ్చే చోట, లేదా అదే మనిషి రేపు మళ్ళీ అదే వీధిలో ఎదురుపడే చోట, నిజం చెప్పడం తేలికవుతుంది. అందుకే తెలుగు రాష్ట్రాల్లో ఉన్న నాలుగు దారులని ఈ కోణంలో పోలుస్తున్నాను: ఇంటర్ ఒకేషనల్, రిటైల్ స్కిల్ కోర్సులు, ఇన్సూరెన్స్–మ్యూచువల్ ఫండ్ సర్టిఫికెట్లు, వ్యవసాయ ఇన్‌పుట్ డీలర్ల కోసం పెట్టిన డేసీ డిప్లొమా.

ఇంటర్ ఒకేషనల్

పదో తరగతి అయ్యాక నేరుగా చేరే రెండేళ్ళ కోర్సు. రెండు రాష్ట్రాల ఇంటర్ బోర్డుల్లోనూ కామర్స్ వైపు మార్కెటింగ్, రిటైల్, ఇన్సూరెన్స్ లాంటి ఒకేషనల్ గ్రూపులు ఉన్నాయి, కాకపోతే ఏ కాలేజీలో ఏది నడుస్తోందో కనుక్కోవాలి. బ్రిడ్జ్ కోర్సు (మామూలు ఇంటర్ సబ్జెక్టుల్లో అదనపు పరీక్ష) రాస్తే తర్వాత మామూలు డిగ్రీలో చేరడానికి దారి ఉంటుంది.

దీని బలమంతా ఆన్ ది జాబ్ ట్రైనింగ్‌లో ఉంది. పదహారు, పదిహేడేళ్ళ వయసులో నిజమైన షాపులో నిలబడి, నిజమైన కస్టమర్ కోపం చూసే అవకాశం మరో చోట దొరకదు. ఆ ట్రైనింగ్‌ని కాగితాల మీదే ముగించేసే కాలేజీలూ ఉన్నాయి. చేరేముందు సీనియర్లని పట్టుకుని "నువ్వు ఏ షాపుకి వెళ్ళావు? అక్కడ ఏం చేశావు?" అని అడగండి. షాపు పేరు టక్కున చెప్పగలిగితే చేరండి. తడుముకుంటుంటే వేరే కాలేజీ చూసుకోండి.

రిటైల్ స్కిల్ కోర్సులు

రిటైల్ రంగానికి రాస్కీ అనే స్కిల్ కౌన్సిల్ ఉంది. సేల్స్ అసోసియేట్ లాంటి ఉద్యోగాలకి ఏమేం నేర్పాలో అదే రాసి పెట్టింది. చాలా ట్రైనింగ్ సెంటర్లు ఆ ప్రమాణాల ప్రకారమే పాఠాలు చెబుతాయి. గ్రామీణ పేద కుటుంబాల పిల్లలకి డీడీయూ–జీకేవై అనే కేంద్ర పథకం కింద ఈ శిక్షణ ఉచితం, చాలా చోట్ల హాస్టల్‌తో సహా. 2014లో మొదలైన పథకం ఇది. వయసు 15 నుంచి 35, ఆడవాళ్ళకి 45 వరకు సడలింపు ఉంది. తెలంగాణలో ఈజీఎంఎం, ఆంధ్రప్రదేశ్‌లో సీడాప్ అనే ప్రభుత్వ సంస్థలు దీన్ని చూస్తాయి. డిగ్రీ కూడా కావాలనుకునేవాళ్ళకి అప్రెంటిస్‌షిప్ కలిపిన రిటైల్ బీబీఏలు కొన్ని డిగ్రీ కాలేజీల్లో వచ్చాయి. చదువుతూనే స్టైపెండ్ వస్తుంది.

రాస్కీ ప్రమాణాల్లో నాకు నచ్చిన విషయం ఒకటుంది. కస్టమర్‌కి సరైన వస్తువు ఎంచుకోవడంలో సాయపడటం, ఫిర్యాదు తీర్చడం, సంబంధం మెరుగుపరచడం అనేవి అక్కడ విడివిడి పాఠాలు. అమ్మకం పూర్తయ్యాక కూడా పని ఉందని ఆ పుస్తకం ఒప్పుకుంటుంది. సమస్యల్లా క్లాసులో చేయించే రోల్‌ప్లేలతోనే. ఒకరు కస్టమర్, ఇంకొకరు సేల్స్‌మన్. కస్టమర్ ముందు "వద్దు" అంటాడు, సేల్స్‌మన్ మాటలతో ఒప్పిస్తాడు, చివరికి బిల్లు, చప్పట్లు. "మీ ఇద్దరికీ 190 లీటర్ల ఫ్రిజ్ చాలండి, పెద్దది ఎందుకు" అని చెప్పి చిన్నది అమ్మిన కుర్రాడికి మార్కులు పడవు. డెమో క్లాసుకి వెళ్ళినప్పుడు ఇది గమనించండి. ఒక్క రోల్‌ప్లేలో అయినా కస్టమర్ ఏమీ కొనకుండా సంతోషంగా వెళ్ళిపోతే, దాన్ని ట్రైనర్ మెచ్చుకుంటే, ఆ సెంటర్‌ని నమ్మొచ్చు.

కోర్సు ఒకటే అయినా చేరే షాపుని బట్టి బతుకు మారిపోతుంది. సూపర్ మార్కెట్‌లో ఎక్కువగా జీతం మీదే ఆధారం, ఎవరికీ ఏదీ అంటగట్టే అవసరం రాదు, నేర్చుకునేదీ తక్కువే. బట్టల షాపులో కౌంటర్‌కి టార్గెట్లుంటాయి. అయినా చీర నచ్చకపోతే నచ్చలేదని కస్టమర్‌కే తెలుస్తుంది కాబట్టి మోసానికి చోటు తక్కువ.

ఎలక్ట్రానిక్స్ షాపు సంగతి వేరు. టీవీల దగ్గర నిలబడి మాట్లాడే కుర్రాళ్ళలో చాలామంది షాపు మనుషులు కారు. కంపెనీ పెట్టిన ప్రమోటర్లు. తమ కంపెనీ టీవీ అమ్మితేనే వాళ్ళకి ఇన్సెంటివ్. కస్టమర్ అడిగేది "ఏది మంచిది" అని, జవాబిచ్చేది ఒక కంపెనీ మనిషి. ఆ ఉద్యోగం చేయడం తప్పేమీ కాదు. "నేను ఫలానా కంపెనీ తరఫున ఉన్నానండి, మిగతావాటి గురించి ఆ కౌంటర్‌లో కూడా అడగండి" అని ముందే చెబితే సరిపోతుంది. అలా చెప్పే వాళ్ళ దగ్గరికే జనం మళ్ళీ రావడం నేను చూస్తూ ఉంటాను. బిల్లింగ్ దగ్గర ఇంకో చిక్కు ఉంటుంది. ఎక్స్‌టెండెడ్ వారంటీ అడక్కుండానే బిల్లులో కలిపేయడం, జీరో కాస్ట్ ఈఎంఐ అని చెప్పి ప్రాసెసింగ్ ఫీజు మాట దాటేయడం. ఆన్‌లైన్‌లో ఇలా అడక్కుండా కార్ట్‌లో కలిపేయడాన్ని కేంద్రం 2023 నవంబర్‌లో నోటిఫై చేసిన డార్క్ ప్యాటర్న్స్ (కస్టమర్‌ని తప్పుదారి పట్టించే ఎత్తుగడలు) మార్గదర్శకాల్లో నిషేధించింది. ఆ జాబితాలో ఇలాంటివి మొత్తం 13 ఉన్నాయి. షాపులో పనిచేసేవాళ్ళు కూడా ఒకసారి చదవాలి, కౌంటర్ మీద జరిగేవాటికి వాటితో చుట్టరికం కనిపిస్తుంది. బిల్లుకి ఫోన్ నంబరు ఇచ్చి తీరాలని కస్టమర్‌ని పట్టుబట్టకూడదని 2023లోనే వినియోగదారుల వ్యవహారాల శాఖ రిటైల్ సంస్థలకి సూచించింది.

బంగారం షాపు నా దృష్టిలో రిటైల్‌లో అన్నిటికన్నా మంచి బడి. ఇక్కడ కస్టమర్ ఒక్కడే రాడు, కుటుంబమంతా వస్తుంది. ఒకసారి నమ్మితే కూతురి పెళ్ళికి, మనవరాలి బారసాలకి అక్కడికే వస్తారు. తరుగు, మజూరీ, రాళ్ళ బరువు అనేవి మామూలు మనిషికి అర్థం కాని లెక్కలు. రాళ్ళ బరువు తీసేసి బంగారం బరువు ఎంతో కాగితం మీద రాసి చూపించడం, పాత బంగారం మార్చినప్పుడు ఎంత పోతుందో అమ్మేరోజే చెప్పడం, ఇవి నేర్పే షాపు దొరికితే జీతం ఓ వెయ్యి తక్కువైనా చేరమంటాను. 2023 ఏప్రిల్ 1 నుంచి హాల్‌మార్క్ నగ మీద ఆరు అక్షరాల, అంకెల హెచ్‌యూఐడీ అనే గుర్తింపు కోడ్ ఉండాలి. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ కోడ్ కొడితే వివరాలు వస్తాయి. కస్టమర్ ఫోన్‌లోనే అది కొట్టించి చూపించే సేల్స్‌గర్ల్‌ని ఏ కుటుంబమూ మర్చిపోదు.

ఇన్సూరెన్స్, మ్యూచువల్ ఫండ్

ఈ రెంటినీ జనం ఒకే గాట కట్టేస్తారు, "ఫైనాన్స్ సేల్స్" అని. డబ్బు వచ్చే తీరు మాత్రం పూర్తిగా వేరు.

జీవిత బీమా ఏజెంట్ కావాలంటే చిన్న శిక్షణ తీసుకుని, ఐసీ–38 పుస్తకం చదివి పరీక్ష రాయాలి. పుస్తకం తెలుగులో దొరుకుతుంది. 50 ప్రశ్నలు, గంట టైము, 35 శాతం వస్తే పాస్. అంటే 18 ప్రశ్నలకి సరైన జవాబు పెడితే ఇంకొకరి ఇరవై ఏళ్ళ పొదుపు గురించి సలహా చెప్పొచ్చన్నమాట. ఇంత తేలిక కాబట్టే కంపెనీలు ఊరికి పది మందిని చేర్చుకుంటాయి. వాళ్ళు ముందు సొంత చుట్టాల దగ్గరికే వెళ్తారు. పిన్ని, బాబాయి, బావమరిది మొహమాటానికి పాలసీ తీసుకుంటారు, రెండో ఏడు కట్టరు. చుట్టరికం, డబ్బు రెండూ పోతాయి.

దీని వెనక కమీషన్ లెక్క ఉంది. పొదుపు కలిసిన పాలసీల్లో మొదటి ఏడాది ప్రీమియం మీద వచ్చే కమీషన్ ఎక్కువ, తర్వాతి ఏళ్ళలో బాగా తక్కువ. అందుకని టర్మ్ పాలసీ (పొదుపు లేని, ప్రాణానికి మాత్రమే బీమా) చాలే మనిషికి కూడా పొదుపు కలిసిన ఎండోమెంట్ అంటగట్టాలని చెయ్యి లాగుతుంది. ఈ లాగుడుని తట్టుకోగలనని అనుకుంటేనే ఇటు రండి. తట్టుకుని నిలబడ్డవాళ్ళు చేసే పని చాలా గొప్పది. ఇంటి యజమాని పోయినప్పుడు క్లెయిమ్ ఫారం పట్టుకుని వచ్చి, ఆ ఇల్లాలి పక్కన కూర్చుని కాగితాలన్నీ నింపి పెట్టే ఏజెంట్ చేసే మేలు ఏ యాప్ చేయలేదు.

మంచి ట్రైనింగ్ మేనేజర్‌ని గుర్తుపట్టడానికి ఒకటే దారి. అతని మాటల్లో పర్సిస్టెన్సీ అనే మాట ఎన్నిసార్లు వస్తుందో చూడండి. 13వ నెలలో ఎంతమంది ఇంకా ప్రీమియం కడుతున్నారనే లెక్క అది. తన ఏజెంట్ల 13వ నెల, 61వ నెల అంకెలు చెప్పగలిగినవాడు మీకు నిజంగా అమ్మడం నేర్పుతాడు. కొత్త బిజినెస్, ఫారిన్ టూర్, క్లబ్ మెంబర్‌షిప్ గురించే మాట్లాడేవాడు మీ చుట్టాల జాబితా కోసం వచ్చాడు. "మొదటి ప్రీమియంలో కొంత నేను వేసుకుంటాను అని చెప్పు, సంతకం పెట్టేస్తారు" అని నేర్పితే అక్కడి నుంచి వెంటనే లేచి రండి. కమీషన్‌లో వాటా ఇచ్చి పాలసీ అమ్మడం 1938 నాటి బీమా చట్టంలోని 41వ సెక్షన్ ప్రకారం నేరం, జరిమానా 10 లక్షల దాకా ఉండొచ్చు. పాలసీ కాగితాలు అందిన 30 రోజుల్లో నచ్చకపోతే వెనక్కి ఇచ్చేయొచ్చని, కొద్దిపాటి ఖర్చులు పట్టుకుని మిగతాది తిరిగి ఇస్తారని కస్టమర్‌కి ముందే చెప్పడం కూడా మీ పనే. చెబితే అమ్మకం పోతుందని భయపడతారు చాలామంది. 30 రోజులు ఆలోచించుకుని కూడా ఉంచుకున్న పాలసీ మధ్యలో ఆగిపోవడం తక్కువ.

మ్యూచువల్ ఫండ్ డిస్ట్రిబ్యూటర్ దారి ఇంతకన్నా కొంచెం కష్టం, నాకు ఇంతకన్నా ఇష్టం. ఎన్ఐఎస్ఎం అనే సంస్థ పెట్టే 5–ఏ పరీక్ష రాయాలి. 100 ప్రశ్నలు, 2 గంటలు, 50 శాతం రావాలి, సర్టిఫికెట్ 3 ఏళ్ళే చెల్లుతుంది. తర్వాత మ్యూచువల్ ఫండ్ కంపెనీల సంఘం యాంఫీ దగ్గర ఏఆర్‌ఎన్ అనే రిజిస్ట్రేషన్ నంబరు తీసుకోవాలి. 2018 అక్టోబర్‌లో మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ ముందుగా ఇచ్చే కమీషన్‌ని దాదాపుగా ఆపేసి, కస్టమర్ డబ్బు ఫండ్‌లో ఉన్నన్నాళ్ళూ కొద్దికొద్దిగా వచ్చే ట్రెయిల్ పద్ధతి పెట్టింది. ఉదాహరణకి ఏడాదికి ముప్పావు శాతం అనుకుంటే, ఒకరి 10 లక్షల మీద ఏడాదికి వచ్చేది 7,500 రూపాయలు. మొదటి రెండు మూడేళ్ళు ఇల్లు గడవదు. ఆ తర్వాత మాత్రం మార్కెట్ పడినప్పుడు "తీసేయొద్దు అన్నయ్యా, పిల్లాడి చదువుకి ఇంకా ఎనిమిదేళ్ళు ఉంది" అని కస్టమర్‌ని ఆపడం వల్ల అతనికీ మేలు, మీకూ ఆదాయం. ఇద్దరి లాభం ఒకే వైపు ఉండటం అంటే ఇదే. డైరెక్ట్ ప్లాన్‌లో (మధ్యవర్తి లేకుండా ఫండ్ కంపెనీ దగ్గరే కొనేది) అయితే మన కమీషన్ ఖర్చు ఉండదని అడిగినవాడికి దాచకుండా చెప్పండి. సొంతంగా చూసుకోగలిగినవాడు అటు వెళ్తాడు. మనిషి తోడు కావాలనుకునేవాడు అది తెలిసే మీ దగ్గర ఉంటాడు. అలా ఉన్నవాడితోనే మీ పని.

పురుగుమందుల కొట్టు, డేసీ డిప్లొమా

నాలుగింటిలో దీని గురించే ఎక్కువ చెప్పాలనిపిస్తుంది, ఎందుకంటే ఇక్కడ తప్పు సలహా ఖరీదు పంటంత.

డేసీ అనేది హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని మేనేజ్ సంస్థ 2003లో మొదలుపెట్టిన డిప్లొమా. ఎరువులు, విత్తనాలు, పురుగుమందులు అమ్మే డీలర్ల కోసం. ఏడాది కోర్సు, వారానికి ఒకరోజు క్లాసు, సాధారణంగా ఆదివారమో కొట్టు సెలవు రోజో. 40 తరగతులు, 8 పొలం సందర్శనలు. ఫీజు ఎంతో చేరేముందు కనుక్కోండి, పథకం కింద చేరితే అందులో రాయితీ ఉంటుంది. ఎప్పుడు బ్యాచ్ మొదలవుతుందో మీ జిల్లా వ్యవసాయ శాఖ కార్యాలయంలో గానీ కృషి విజ్ఞాన కేంద్రంలో గానీ చెబుతారు.

సేల్స్ పేరు ఎక్కడా లేకపోయినా కస్టమర్‌తో ఎలా ఉండాలో ఇంత బాగా నేర్పే కోర్సు నాకు ఇంకొకటి తెలీదు. ఉదాహరణకి మిర్చి ముడత తీసుకోండి. రైతు రెండు ఆకులు తెంపుకుని జేబులో పెట్టుకుని వస్తాడు. "ముడతకి మందివ్వు బాబూ" అంటాడు. చదువుకోని డీలర్ అలమరలోంచి మూడు సీసాలు తీసి "కలిపి కొట్టు బాబాయ్" అంటాడు. చదువుకున్న డీలర్ ఆకు తీసుకుని వెలుతురులో తిప్పి చూస్తాడు. అంచులు పైకి ముడుచుకుంటే తామర పురుగు. కిందికి ముడుచుకుంటే నల్లి. రెంటికీ మందులు వేరు. నల్లి ఉన్న చోట కొన్ని రకాల పురుగుమందులు కొడితే అది ఇంకా పెరుగుతుంది. ఆకు తిప్పి చూడటానికి పట్టేది అర నిమిషం. ఆ అర నిమిషంలో రైతుకి వేల రూపాయలు మిగలొచ్చు. నిజాయితీగా ఉండాలన్న మనసు ఎంత ఉన్నా ఆకు చదవడం రాకపోతే ఆ డీలర్ వల్ల రైతుకి మేలు జరగదు.

2021లో రెండు రాష్ట్రాల మిర్చి తోటల మీద నల్ల తామర పురుగు పడినప్పుడు ఇదంతా పెద్ద ఎత్తున కనిపించింది. రైతులు భయంతో మందు మీద మందు కొట్టారు, పురుగు తగ్గలేదు, అప్పు పెరిగింది. అప్పుడు శాస్త్రవేత్తలు చెప్పిన వాటిలో నీలి రంగు జిగురు అట్టలు పెట్టడం, విచ్చలవిడిగా మందులు కలిపి కొట్టకపోవడం ఉన్నాయి. జిగురు అట్ట మీద డీలర్‌కి మిగిలేది ఎంతో కాదు. అయినా సీసా పక్కన పెట్టి అట్ట ఇచ్చిన కొట్లు ఉన్నాయి. ఆ రైతులు ఇవాళ్టికీ వేరే కొట్టు గడప ఎక్కరు.

ఇక్కడి చిక్కు అరువు. సీజన్ మొదట్లో ఖాతా రాసుకుని మందులు తీసుకెళ్ళే రైతు, డీలర్ ఇచ్చింది తీసుకోవాల్సిందే. అడిగే గొంతు ఉండదు. అరువు ఇవ్వొద్దని నేను అనను, అది లేకపోతే చాలామందికి సేద్యమే లేదు. ఖాతా రైతుకీ నగదు రైతుకీ ఒకే ధర వేయండి, ఒకే సలహా ఇవ్వండి, ప్రతిసారీ బిల్లు రాయండి. యూరియా కావాలంటే ఈ సీసా కూడా తీసుకోవాలని లింకు పెట్టడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లో చేయొద్దు. ఒకటి కావాలంటే ఇంకొకటి కొనాలనే షరతుని 2019 వినియోగదారుల రక్షణ చట్టం నిర్బంధ వ్యాపార పద్ధతిగా చెబుతుంది. కంపెనీయే మీకు లింకు పెట్టి సరుకు పంపితే బరువు రైతు మీదికి నెట్టకుండా వ్యవసాయ శాఖకి రాతపూర్వకంగా చెప్పండి.

డబ్బా మీద ఉండే రంగు త్రికోణం గురించి కూడా ఈ కోర్సులో చెబుతారు. ఎరుపు అత్యంత విషం, తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. మందు ఇచ్చేటప్పుడు ఆ రంగు మీద వేలు పెట్టి చూపించి, "గ్లౌజు లేకుండా కలపొద్దు బాబాయ్, గాలికి ఎదురుగా కొట్టొద్దు" అని చెప్పడం కూడా అమ్మకంలో భాగమే.

ఎవరికి ఏది

పదో తరగతి అయ్యి, ఇంకా ఏం చేయాలో తేలనివాళ్ళకి ఇంటర్ ఒకేషనల్, అదీ ట్రైనింగ్ నిజంగా జరిగే కాలేజీలో. వెంటనే సంపాదన కావాల్సినవాళ్ళకి, ఇంట్లో ఇబ్బంది ఉన్నవాళ్ళకి డీడీయూ–జీకేవై రిటైల్. అక్కణ్ణుంచి వీలైతే బంగారం షాపు వైపు, లేదంటే బట్టల షాపు వైపు వెళ్ళండి. ఎలక్ట్రానిక్స్ ప్రమోటర్ పని మాట నేర్చుకోవడానికి ఒక ఏడాది బాగానే ఉంటుంది, అంతకన్నా ఎక్కువ అందులో ఉండిపోవద్దు. ఇంట్లో ఇంకొకరి జీతం ఉండి, రెండు మూడేళ్ళు ఓపిక పట్టగలిగితే మ్యూచువల్ ఫండ్. బీమా ఒక్కదాన్నే నమ్ముకుని, అదీ ఇరవై ఏళ్ళ వయసులో దిగడం నేను సలహా ఇవ్వను. ముప్పై దాటి, ఊళ్ళో పేరుండి, వద్దన్న చుట్టాన్ని మళ్ళీ అడగని స్వభావం ఉన్నవాళ్ళకి అది సరిపోతుంది. ఊళ్ళో కొట్టు ఉన్నవాళ్ళు, నాన్న కొట్టు చేతికి రాబోతున్నవాళ్ళు ఇంకేం ఆలోచించకుండా డేసీకి వెళ్ళండి.

ఏ కోర్సులో చేరినా వినియోగదారుల చట్టం ఒకసారి తెలుగులో చదవండి. బిల్లు ఇవ్వకపోవడం, లోపమున్న వస్తువు వెనక్కి తీసుకోకపోవడం, కస్టమర్ నమ్మి ఇచ్చిన వివరాలు ఇంకొకరికి ఇచ్చేయడం, మూడూ 2019 చట్టంలో అనుచిత వ్యాపార పద్ధతులే. 1915 అనే హెల్ప్‌లైన్ నంబరు కస్టమర్‌కే కాదు, మీకూ తెలియాలి.

ఉద్యోగం ఖాయమయ్యాక జీతం కాగితంతో పాటు ఇన్సెంటివ్ షీట్ కూడా చూపించమనండి. రిటర్న్ వచ్చినప్పుడు ఇన్సెంటివ్ కోస్తారా? వారంటీ, ఇన్సూరెన్స్ లాంటి కలుపుడు అమ్మకాలకి విడిగా టార్గెట్ ఉందా? పాత కస్టమర్ మళ్ళీ వస్తే దానికి ఏమైనా లెక్క ఉందా? ఈ మూడింటికీ హెచ్ఆర్ సూటిగా జవాబు చెబితే సంతకం పెట్టండి. "అవన్నీ చేరాక చెబుతాం" అంటే ఇంకో రెండు చోట్ల ఇంటర్వ్యూకి వెళ్ళాకే నిర్ణయం తీసుకోండి.